గండికోట దర్శనము

పెన్నానది ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పాఱినచోట ఏర్పడిన సందునకు గండి యని పేరు. ఆ గండిమీద కట్టిన కోట గనుక గండికోట. ఇది జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్నది. సింహాద్రిపురమునుండి పోవువారు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరి, అటనుండి కోటకు పోదురు. చద్దిమూట కట్టుకొని ఉదయమున బయలుదేరినచో ప్రొద్దు గ్రుంకువేళకు ఇల్లు చేరవచ్చును. ఇంత చేరువ నుండుటచేతనే కాబోలు, కాశీరామేశ్వరములు సేవించి వచ్చిన పెద్దలలో గండికోటను చూడనివారు పలువురు కలరు.

దూరప్రాంతములనుండి మాత్రము యాత్రికులు విశేషముగా వచ్చుచున్నారు. లోయ యంచున గుడారములు వేసికొని, సూర్యోదయము చూచి, ఛాయాచిత్రములు తీసికొని మరలిపోవుదురు. లోయ చూడదగినదే. ఎఱ్ఱని బండలు ఎవరో లెక్కపెట్టి పేర్చినట్లు ఒకదానిపై నొకటి నిలిచియుండ, క్రిందుగా పెన్న సాగిపోవుచుండును. అయినను లోయను మాత్రమే చూచినవారు గండికోటలో సగమైనను చూచినవారు కారు.

కోట పుట్టుకను గూర్చి ప్రచారములో నున్న మాట యొకటి కలదు. బొమ్మనపల్లెకు చెందిన కాకరాజు, కల్యాణి చాళుక్యుడగు ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడై, 1123లో దీనిని కట్టించెనని చెప్పుదురు. ఈ పద్దు సరిపడదు. ఆహవమల్లుడు 1068లోనే పరమపదించెను. 1123 నాటికి కల్యాణిని ఏలుచున్నవాడు ఆతని కుమారుడు ఆఱవ విక్రమాదిత్యుడు. రాజు పేరైనను, సంవత్సరమైనను, రెంటిలో నొకటి తప్పు. రెంటిని కలిపి పలకలపై వ్రాయుట మాత్రము నేటికిని జరుగుచున్నది.

కోటకు కీర్తి తెచ్చినవారు పెమ్మసాని నాయకులు. విజయనగర ప్రభువులకు వీరు కొలువు చేసిరి. శ్రీకృష్ణదేవరాయల దండయాత్రలను వర్ణించు రాయవాచకములో పెమ్మసాని రామలింగనాయని పరాక్రమము చెప్పబడినది. 1565లో రాక్షసతంగడి యుద్ధమున విజయనగరము పడిపోయి, రాజధాని పెనుగొండకు మాఱిన పిమ్మటను, కడపసీమలో ఈ వంశము గండికోటను విడువక నిలిచెను.

కోటవాకిలి కడ కొంతసేపు ఆగి, తలుపుల ఇనుప మేకులను, త్రోవ తిన్నగా పోక మలుపు తిరుగుటను గమనింపవలెను. ఏనుగుచేత తలుపును క్రుమ్మించుటకు పరుగు కావలెను. మలుపులో పరుగు కుదురదు. ఇదే కాలమున ఐరోపాఖండములో కోటల కట్టడము తలక్రిందులయ్యెను. 1453లో తురుష్కుల ఫిరంగులు కాన్‌స్టాంటినోపిల్ గోడలను పడగొట్టెను. 1494లో ఫ్రెంచిరాజు ఫిరంగులతో ఇటలీపైకి దిగెను. ఎత్తైన గోడ ఫిరంగికి ఎత్తైన గుఱి యని ఇటలీ శిల్పులు గ్రహించి, గోడలను పొట్టిగాను దళసరిగాను కట్టి, మూలలను కోసుగా ముందునకు చాచిరి. వెనీసువారు 1593లో స్థాపించిన పాల్మనోవా తొమ్మిది కోణముల నక్షత్రమువలె నుండును. గండికోటవారికి ఆ గణితముతో పని లేకపోయెను. లోయవైపున గోడ చేయవలసిన పనిని పెన్న చేయుచుండెను.

ఈ సంగతిని వ్రాసిపెట్టినవాడు తవెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు. ఇతడు 1652లో రత్నములు విక్రయించుటకై గండికోటకు వచ్చెను. అప్పటికి కోట చేతులు మాఱి రెండేండ్లు కావచ్చినది. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా మంత్రియగు మీర్‌జుమ్లా 1650 ప్రాంతమున దానిని పట్టుకొనెను. కొండను తొలిచి చేసిన బాట కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే యనియు, ప్రక్కన అగాధమైన లోయ యనియు తవెర్నియే వ్రాసెను. మైదానము వైపున మాత్రమే వాకిలి గలదనియు, అచ్చట మూడు రాతిగోడలు, కందకములు కలవనియు, కావలివారు నాలుగైదు వందల అంగల మేర కాచుకొన్న చాలుననియు చెప్పెను. కొండపైన ఊటనీటితో వరియు చిఱుధాన్యమును పండుచుండుటను సైతము అతడు గుర్తించెను. సేద్యపు వారికి దీనిలోని మర్మము వెంటనే తోచును. తిండిగింజలు లోపలనే పండు కోటను ముట్టడించి ఆకలిచే లొంగదీయుట సులభము కాదు.

అతడే మఱియొక వృత్తాంతము చెప్పెను. మీర్‌జుమ్లా కొలువులో క్లాద్ మాయే అను ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోయుటకు నియుక్తుడయ్యెను. అందులకై దేవాలయములనుండి రాగి విగ్రహములు తెప్పింపబడెను. గండికోటలోని ఒక కోవెలకు చెందిన ఆఱు పెద్ద విగ్రహములు మాత్రము ఎంత ప్రయత్నించినను కరగలేదట. పూజారులు ఏదో మంత్రము వేసిరని నవాబు అనుమానించెనట. పోసిన ఫిరంగులును చక్కగా కుదురక, మాయే కొలువు విడిచిపోయెను. ఆ విగ్రహముల గతి ఏమయ్యెనో తవెర్నియే వ్రాయలేదు. నేడు మాధవరాయస్వామి ఆలయములో ఎత్తైన గోపురము నిలిచియున్నది, మంటపపు స్తంభములపై శిల్పములు నిలిచియున్నవి, గర్భగృహము మాత్రము శూన్యము. రంగనాథాలయములోను అంతే. ఆ శూన్యగృహమున కొందఱు బొగ్గుతోను మేకుతోను తమ పేర్లు వ్రాసిపోయినారు. పూర్వకాలపు దాతలు ఒక్క శాసనము చెక్కించుటకు గుడికి మాన్యములు ఈయవలసివచ్చెను. వీరికి మేకు ముక్క చాలినది.

జుమ్మామసీదు, దాని ప్రక్క ధాన్యాగారము తప్పక చూడదగినవి. ధాన్యాగారపు గోడల మందమును, పైకప్పు వంపును చూచినచో గింజకు ఆ కాలమున ఎంత విలువ యుండెనో తెలియును. రాయలచెరువు, కత్తుల కోనేరు కూడ దగ్గఱనే కలవు. యుద్ధానంతరము కత్తులను కడిగినందున కోనేటి నీరు ఎఱ్ఱబాఱెనని స్థానికులు చెప్పుదురు. మన్ను ఎఱ్ఱనిదగుటచేత నీరు ఇప్పటికిని అప్పుడప్పుడు అట్లే కనబడును.

ఇక కోట పోయిన విధము. మీర్‌జుమ్లా కొలువులో ఐరోపా ఫిరంగివాండ్రు ఉండిరి గనుక ఫిరంగులవలననే లొంగెనని చరిత్రకారులు చెప్పుదురు. ఈ సీమలో వాడుకలో నున్న కథ వేఱు. ముట్టడి సాగక మీర్‌జుమ్లా సంధికి వచ్చి, గండికోటకు మాఱుగా గుత్తికోటను ఇత్తునని పెమ్మసాని చినతిమ్మానాయునితో ఒడంబడెనట. పొదిలి లింగన్న అనువాడు నడుమ నడచి, ఫర్మానాలో గుత్తి అని యుండవలసిన చోట హనుమనగుత్తి అని వ్రాయించెనట. దుర్గమునకు బదులు పల్లె వచ్చినది. నాయుడు విషమునకు బలియయ్యెనని కథ ముగియును.

ఈ రెండును పరస్పరము ఖండించుకొనునవి కావు. ఫిరంగులు ప్రాకారము దాక తెచ్చియుండవచ్చును, కాగితము లోపలికి తెచ్చియుండవచ్చును. నాలుగక్షరములు ముందు చేరినందున కోట పోయెనన్న మాటను, దస్తావేజు చదువక వ్రేలిముద్ర వేసి పొలము పోగొట్టుకొన్నవారి నెఱిగిన పల్లెలలో ఎవరును కట్టుకథ యని త్రోసివేయరు.

మీర్‌జుమ్లా గండికోటలో ఎక్కువకాలము నిలువలేదు. సుల్తానుతో చెడి మొగలాయీల పక్షము చేరి, ఔరంగజేబు సేనానియై, అస్సాము దండయాత్రనుండి మరలుచు 1663లో మరణించెను. ఈ సీమ పిమ్మట కడప నవాబుల క్రిందికి, మైసూరు క్రిందికి పోయి, 1800లో నిజాము దత్తము చేయగా కుంపిణీవారికి వచ్చెను. ఆ తరువాత మెకంజీ దొర కొలువులోని పండితులు ఊరూర తిరిగి, కరణముల ఇండ్లలోని కవిలెకట్టలు విప్పించి కైఫియత్తులు వ్రాయించిరి. అందులో గండికోట కైఫియత్తును ఉన్నది. కోటకు పోవుటకు ముందు దానిని చదివినవారికి రాళ్ళు వేఱుగా కనబడును.

కోటకు ఎగువన పెన్నపై కట్టిన జలాశయములో దాదాపు 27 టి.యం.సి. నీరు పట్టును. దాని క్రింద తాళ్ళప్రొద్దుటూరు మొదలగు ఊళ్ళు మునిగినవి. ఆ ఊళ్ళ కైఫియత్తు ఇంకను ఎవరైనను వ్రాయవలసియున్నది.

తిరుగుప్రయాణమున ఎఱ్ఱగుంట్ల వైపు పోవువారు హనుమనగుత్తిని కూడ చూచి పోవచ్చును. గుత్తివంటి దుర్గము కాదు, పొలముల నడుమ నున్న పల్లె.