గ్రంథాలయ పన్ను కథ

తెలుగునాట గ్రంథాలయాలు మొదట చందాలతోనే నిలిచాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువల్లో పడవ మీద పుస్తకాలు తిప్పి, ప్రయాణికులచేత చదివించారు. ఇంతటి త్యాగమున్నా దాత పోతే తలుపులు మూతపడేవి.

ఆ లోటును పన్ను తీర్చింది. 1948 నాటి మద్రాసు చట్టం రూపాయి ఆస్తిపన్నుకు అర్ధణా గ్రంథాలయ పన్ను విధించింది. దాని ముసాయిదా రూపొందించినవారు ఎస్.ఆర్.రంగనాథన్. తెలంగాణకు 1955లో హైదరాబాదు చట్టం వచ్చింది. ఈ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారమైంది. తర్వాత పన్ను రూపాయికి 8 పైసలకు చేరింది. వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం మీద పడేది ఏడాదికి 80 రూపాయలు. ఒక్క పుస్తకం ధర కూడా కాదు. బదులుగా ఊరందరికీ దినపత్రికలు, నవలలు, పోటీపరీక్షల పుస్తకాలు అందుతాయి. ఉద్యోగార్థులైన పేదపిల్లలకు ఆ పఠనమందిరమే చదువుకునే గది. వసూలు చేసిన పన్నును పంచాయతీలు, పురపాలక సంఘాలు జిల్లా సంస్థకు జమచేయాలి. బకాయి పెడితే కొత్త పుస్తకాల కొనుగోలుకే మొదటి దెబ్బ. కట్టిన పన్ను గ్రంథాలయానికి చేరిందో లేదో అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది, అడగాలి.