దొంగనోటు, ఉరికంబం

దొంగనోటంటే యేమిటి? చట్టాలలో నిర్వచనాలకు కొదవలేదు. కాని ఆ నిర్వచనం యెవరి చేతిలో వుండేదన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

1797 ఫిబ్రవరిలో, ఫ్రాన్సుతో యుద్ధం సాగుతుండగా, బాంక్ ఆఫ్ ఇంగ్లండు నోటుకు బంగారం యివ్వడం మానేసింది. అంతవరకూ 5 పౌన్లకు తక్కువ నోటు లేదు. అది కూలివాడి చేతికి వచ్చేదీ కాదు. ఇప్పుడు 1 పౌను, 2 పౌన్ల నోట్లు నాసిగా అచ్చువేసి జనం మీదికి వదిలారు. వాటికి నకలు తీయడం యేమంత కష్టం? చదువురానివాడికి అసలూ నకిలీ వొకటే. (శిక్షకు మాత్రం చదువుతో పనిలేదు!) నకిలీనోటు తయారుచేసినా, తెలిసి మార్చినా ఉరి. 1801 చట్టం ప్రకారం తెలిసి దగ్గర వుంచుకుంటే 14 యేళ్ల ద్వీపాంతరవాసం. 1821 లోగా 300 మందికి పైగా ఉరికంబమెక్కారు.

ఫిర్యాది బాంకే. నోటు నకిలీదని సాక్ష్యం చెప్పేదీ బాంకు ఉద్యోగే. యెలా పోల్చావయ్యా అంటే ఆ గుర్తు రహస్యం. అంటే బాంకు గుమాస్తా నకిలీ అన్నదే నకిలీ! 1818 చివర లండను జూరీలు కొన్ని కేసుల్లో ఆ మాట చాలదని ముద్దాయిలను వదిలేశాయి. మరుసటి యేడు జార్జి క్రూక్‌షాంక్ ఉరికి వేలాడే మనుషుల వరసతో వొక వెక్కిరింపు నోటు గీశాడు. దానిమీద సంతకం తలారిది.

1830లో మరణశిక్ష తీసేయమని పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నవారిలో బాంకర్లే వున్నారు. ఉరికి జంకి జూరీలు ముద్దాయిలను వదిలేస్తుంటే తమ ఆస్తికి రక్షణ లేదట! 1832లో నోట్ల నేరాలకు ఉరి రద్దయింది.