కోటప్పకొండ తిరునాళ్లు – మామగారికి నా బాకీ

ప్రత్యేక సంచికకు ఏదైనా చారిత్రక విషయం రాసి పంపమని మన కార్యదర్శి గారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పై అయిదేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు రాసినవాణ్ణి. అయితే కోటప్పకొండ విషయంలో మా మామగారికి ఒక బాకీ పడ్డాను. అది ఇక్కడ తీర్చుకుంటాను.

1976లో నాకు పెళ్లయి ఏడాది నిండలేదు. ఆ ఏడు శివరాత్రి ఫిబ్రవరి నెలాఖరున వచ్చింది. కొత్త అల్లుణ్ణి తిరునాళ్లకు తీసుకురమ్మని అత్తవారింటి నుంచి కబురు. అవి ఎమర్జెన్సీ రోజులు. సోమవారం పదిన్నరకు హాజరుపట్టీలో సంతకం లేకపోతే సంజాయిషీ తప్పదు. శనివారం సాయంత్రం ఆఫీసు వదలగానే మా ఆవిడతో గుంటూరులో బస్సెక్కి, చిలకలూరిపేట మీదుగా రాత్రి పొద్దుపోయాక ఆ ఊరు చేరాను.

తెల్లవారుజామునే బండి కట్టారు. దారిపొడవునా బండ్లే. కొండ దగ్గరపడేసరికి నలువైపుల నుంచి "చేదుకో కోటయ్యా!" అన్న కేకలు. బావిలో నీళ్లు చేదుకున్నట్టు మమ్మల్ని పైకి చేదుకోమని భక్తుల వేడికోలు అన్నమాట.

కోటప్పకొండకు త్రికూటమని పేరు. బ్రహ్మ, విష్ణు, రుద్ర అని మూడు శిఖరాలు. రుద్రశిఖరం మీద పాత కోటయ్య గుడి, బ్రహ్మశిఖరం మీద ఇప్పుడు పూజలందుకుంటున్న త్రికోటేశ్వరస్వామి గుడి. గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కి స్వామిని సేవించేదట. నిండు చూలాలై ఎక్కలేకపోతే, నీ వెనుకే వస్తాను, తిరిగి చూడకు అన్నాడట స్వామి. సగం దారిలో చప్పుడుకు ఆమె తిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగిపోయాడని స్థలపురాణం. మెట్లదారిలో గొల్లభామకూ గుడి ఉంది.

ఈ తిరునాళ్లకు అసలు అందం ప్రభలు. వెదుళ్లు, వాసాలు కట్టి, రంగు బట్టలు, కాగితపు పూలు అలంకరించి ఊరూరి నుంచీ ఎడ్లతో లాగించుకొస్తారు. పక్కకు ఒరగకుండా నాలుగు పక్కలా మోకులు పట్టుకొని మనుషులు నడుస్తారు. 80, 90 అడుగుల ప్రభలూ ఉంటాయి. రాత్రికి విద్యుద్దీపాలు వెలిగితే కొండ కింద ఇంకో ఊరు లేచినట్టుంటుంది. ఆ రాత్రి మా అత్తగారు చేటలూ జల్లెడా బేరమాడి కొన్నారు. మా ఆవిడా, మరదలూ గాజుల కొట్టు వదల్లేదు. నాకు మాత్రం చూపంతా చేతి గడియారం మీదే.

అప్పుడు మామగారు ప్రభ నీడన దుప్పటి పరిచి నన్ను కూర్చోబెట్టుకున్నారు. "అల్లుడు గారూ, ఇక్కడే 1909లో పెద్ద గొడవ జరిగింది. చిన్నపరెడ్డి పేరు విన్నారా?" అన్నారు. వినలేదన్నాను. ఆయన చెప్పిన ప్రకారం, తిరునాళ్ల రద్దీలో చిన్నపరెడ్డి ఎడ్లు బెదిరాయి. పోలీసులు వాటిని కాల్చారు. జనం తిరగబడ్డారు. పోలీసుల పాక తగలబడింది, ప్రాణాలు పోయాయి. చిన్నపరెడ్డిని ఉరి తీశారు. మామగారి తండ్రిగారు అప్పటికి పన్నెండేళ్ల కుర్రవాడు. తుపాకి మోతకు బండి కింద దూరి తెల్లవార్లూ అక్కడే ఉన్నారట. పెద్దయ్యాక కూడా తిరునాళ్లలో టపాకాయ పేలితే ఆయన చేతులు వణికేవట.

"మీరు కాగితాల మనుషులు. మా నాయన చెప్పింది నేను చెబుతాను, రాసిపెట్టండి" అన్నారు మామగారు.

నేనేమన్నానో తెలుసా? "దీనికి రికార్డు ఏమైనా ఉందా మామయ్యగారూ?" అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహంకేసి చూసి, "బస్సు వేళవుతోందేమో చూసుకోండి" అని లేచారు. ఆ సోమవారం నేను వేళకే సంతకం పెట్టాను. మామగారు మళ్లీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు. నేనూ అడగలేదు. 1991లో ఆయన కాలం చేశారు.

కొన్నేళ్ల తర్వాత గ్రంథాలయంలో ఆంధ్రలో స్వాతంత్ర్యోద్యమ చరిత్ర తిరగేస్తుంటే కోటప్పకొండ అన్న మాట కంటపడింది. 1909 శివరాత్రి తిరునాళ్లు, పోలీసులతో ఘర్షణ, చిన్నపరెడ్డికి ఉరి, అన్నీ ఉన్నాయి. సర్కారు దృష్టిలో అది దొమ్మీ. జనం మాత్రం అతని మీద పాటలు కట్టుకొని పాడుకున్నారు. కాలం కూడా అలాంటిదే. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో తిరిగి వందేమాతరం వినిపించారు. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకెళ్లారు. తర్వాత ఈ గుంటూరు జిల్లాలోనే చీరాల-పేరాల ఉద్యమం, పల్నాడు పుల్లరి సత్యాగ్రహం నడిచాయి. 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకి గుళ్లకు బలయ్యాడు.

రికార్డు దొరికింది. కానీ బండి కింద తెల్లవార్లూ దాక్కున్న కుర్రవాడు ఏ పుస్తకంలోనూ లేడు. ఆ రికార్డు మామగారి దగ్గరే ఉండేది. కాగితం చూపమని అడిగి దాన్ని నేనే పోగొట్టుకున్నాను. మిగిలింది ఆయన ఆ రాత్రి చెప్పిన నాలుగు మాటలు. అవే పైన రాశాను.

ఇప్పుడు కొండకు ఘాట్ రోడ్డు ఉంది. 2022 నుంచి అది పల్నాడు జిల్లా. ప్రభలు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి. కిందటిసారి మనవణ్ణి తీసుకెళ్లి, మామగారు దుప్పటి పరిచిన చోటు ఇంచుమించుగా చూపించాను.

సోదరులారా, బతికున్నామని ఏటా మనం లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. మనవాళ్లు ఎలా బతికారో కూడా ఒక కాగితం మీద పెట్టి పిల్లల చేతికిద్దాం. రికార్డు ఉందా అని మాత్రం పెద్దల్ని అడగవద్దు. ముందు వినండి. సెలవు.