మామిడి లెక్కకు జూన్ ఆఖరు

నూజివీడులో ఎవరినడిగినా ‘మామిడికి పన్నెక్కడిది?’ అంటారు. తోట సొంతమైన రైతు అంటే ఆ మాట నిజమే. కాపు కొన్న వ్యాపారి అన్నా, మండీలో కమీషన్ మీద అమ్మిపెట్టే ఆసామి అన్నా చెల్లదు. ఆగిరిపల్లి తోటలో కోసిన బంగినపల్లి కాయ రైతు పుస్తకంలో వ్యవసాయాదాయం, కాపు కొన్నవాడి పుస్తకంలో వ్యాపారం, మండీ పుస్తకంలో కమీషన్. ఈ మూడు రకాల పుస్తకాలూ రాస్తూ బతికినవాణ్ణి నేను. నాకు ముందు మా నాన్న రాశారు. ఆయన ఇక్కడే ఒక మామిడి షావుకారు దగ్గర గుమాస్తా.

మా ప్రాంతంలో లెక్కలు జమీందారీ కాలం నుంచీ ఫసలీ మీద నడిచాయి. నూజివీడు మేకా అప్పారావుల జమీందారీ. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చినప్పుడే, కరణాలు ఏ లెక్కలు రాయాలో చెబుతూ మద్రాసు ప్రభుత్వం 29వ రెగ్యులేషన్ తెచ్చింది. రైతు జమీందారుకు కట్టే శిస్తు, జమీందారు కంపెనీకి కట్టే పేష్కష్, రెంటి మధ్యా కరణం కలం. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. 1984లో కరణీకాలూ పోయాయి. 2022లో మా జిల్లా పేరే కృష్ణా నుంచి ఏలూరుకు మారింది. ఫసలీ మాత్రం పోలేదు. జూలై 1న మొదలై జూన్ 30న ముగిసే రెవెన్యూ సంవత్సరం అది, 1855 నుంచీ అదే తేదీ.

మామిడికి ఆ లెక్క అతికినట్టు సరిపోతుంది. డిసెంబరు, జనవరుల్లో పూత. పూత చూసి బేరం, బయానా. పిందె నిలిచాక రెండో వాయిదా. ఏప్రిల్ నుంచి కోతలు. జూన్ ఆఖరుకు రసాలూ, కలెక్టర్ కాయా అయిపోయి తోట ఖాళీ అవుతుంది. ఎవరికెంత రావాలో, ఎవరికెంత ఇవ్వాలో అప్పటికి తేలిపోతుంది. అందుకే మా నాన్నగారి షావుకారు ఏటా జూన్ 30న పుస్తకం ముగించేవారు. కిరాణా, బట్టల కొట్లవాళ్లు ఉగాదికో దీపావళికో పుస్తకం మార్చుకునేవారు. ఎవరి వ్యాపారానికి తగిన ఏడాది వారు ఎంచుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం కూడా అప్పట్లో ఒప్పుకునేది.

నాన్న పుస్తకాలకు ఎర్ర గుడ్డ అట్ట, మొదటి పేజీకి పసుపు బొట్లు. చిట్టాలో ఒకవైపు జమ, ఒకవైపు ఖర్చు. రాత్రి పెట్టెలో రొక్కం లెక్కపెట్టి నిల్వ సరిపోయాకే ఇంటికి వచ్చేవారు. ఆవర్జాలో మాత్రం ఆయనది సొంత పద్ధతి. మనిషికో ఖాతా కాదు, తోటకో ఖాతా. బయానా, తేనెమంచు పురుగుకు కొట్టిన మందు, కాపలా మనిషి జీతం, కోత కూలి, గడ్డి, లారీ కిరాయి, అన్నీ ఆ తోట కిందే. ఎదురుగా ఆ తోట కాయ అమ్మిన పట్టీలు. వైశాఖంలో గాలివాన కొడితే తేదీ వేసి, ఏ తోటలో ఎంత కాయ రాలిందో, రాలిన కాయ ఎంతకు పోయిందో అదే పేజీలో రాసేవారు. ఆ పేజీ తీసుకెళ్లి రైతు ముందు పెట్టేవారు షావుకారు. రైతు కొంత తగ్గించేవాడు, కొంత వచ్చే కాపులో సర్దుకుందామనేవాడు. పేజీ లేని వ్యాపారి మాట ఎవరూ వినేవారు కాదు. నష్టాన్ని వచ్చే ఏడాదికి మోసుకెళ్లగలిగేది పుస్తకమొక్కటే. పన్ను ఆఫీసు మొహం చూడకముందే మామిడి వ్యాపారం నేర్చుకున్న సంగతి ఇది. నేటికీ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది కూడా ఇదే.

ఆదాయపు పన్నును 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చాడు, సిపాయిల తిరుగుబాటు తెచ్చిపెట్టిన లోటు పూడ్చడానికి. 1886 చట్టం వ్యవసాయాదాయాన్ని మినహాయించింది. ఆ మినహాయింపు తోట రైతుకు ఈనాటికీ ఉంది. 1973 నుంచి ఒక మెలిక చేరింది: తోటతో పాటు వైద్యమో వ్యాపారమో ఉన్నవారికి ఆ రెండో ఆదాయం మీద పన్ను రేటు తేల్చడానికి తోట రాబడిని కూడా కలిపి చూస్తారు.

కాపు కొన్నవాడి సంగతి కోర్టుల్లో తేలింది. నిలిచి ఉన్న పంటను కొని, కోసి అమ్ముకున్నవాడిది వ్యవసాయాదాయం కాదని 1951లో మద్రాసు హైకోర్టు చెప్పింది. భూమి మీద దున్నడం, నాటడం లాంటి మూల పనులు ఉంటేనే వ్యవసాయమని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు బెంగాల్‌లో ఒక జమీందారు అడవిది. దాని నీడ మా తోటల దాకా పడింది. ఇక్కడ మూడు నాలుగేళ్లకు తోట తీసుకుని, దున్ని, ఎరువులేసి, మందులు కొట్టేవాళ్లున్నారు. భూమినే కౌలుకు తీసుకున్నారా, కాపు మాత్రమే కొన్నారా అన్నది కాగితం మీద ఉంటే వాదించడానికి చోటుంటుంది. నోటిమాటగా తీసుకున్న తోటకు ఆ చోటు దొరకదు.

తర్వాత పుస్తకాలన్నీ మార్చి 31న ముగియాలనే సవరణ వచ్చింది. 1987లో పార్లమెంటు చేసింది, 1989-90 అసెస్‌మెంట్ నుంచి అమలు. మా షావుకారు పుస్తకం 1987 జూన్ 30న ముగిసింది. తర్వాతి లెక్క 1989 మార్చి 31 దాకా సాగాల్సి వచ్చింది. ఇరవై ఒక్క నెలల సంవత్సరం! అందులో అమ్మకాలున్నది 1988 వేసవిలోనే. బయానాలు మాత్రం రెండు కాపులవీ ఉన్నాయి. 1989 కాపుకిచ్చిన డబ్బును ఖర్చు రాయకూడదు, కాయ చెట్టునే ఉంది. రాస్తే ఈ ఏడు లేని నష్టం, వచ్చే ఏడు లేని లాభం. తోటకో ఖాతా ఉండబట్టి ఏ రూపాయి ఏ కాపుదో విడదీయగలిగాను. మనిషి పేరున రాసుకున్న వ్యాపారులకు అది సాధ్యం కాలేదు, ఎందుకంటే ఒకే రైతుకు పాత బాకీ, కొత్త బయానా ఒకే పేజీలో కలిసిపోయాయి.

2010-11 నుంచి చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్ను చట్టం 44ఏడీ సెక్షన్ ఇచ్చే వెసులుబాటు పెరిగింది. అమ్మకాలు 60 లక్షల లోపైతే ఎనిమిది శాతం లాభం చూపితే చాలు, పుస్తకం అక్కర్లేదు. ఆ పరిమితి తర్వాత రెండు కోట్లయింది, నగదు బాగా తక్కువగా వాడేవారికి మూడు కోట్లు. బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముకు ఆరు శాతమే. కాపు వ్యాపారులు చాలామంది ఇటు మళ్లారు. కమీషన్ వ్యాపారికి ఈ దారి లేదు, కమీషన్ ఆదాయాన్ని ఆ సెక్షనే మినహాయించింది. కాపు వ్యాపారికైనా ఇది మంచి ఏళ్లలో మంచిది. గాలివాన ఏడు కూడా లాభమే చూపించాలి. నిజంగా పోగొట్టుకున్నది చూపాలంటే పుస్తకం కావాలి, కొన్ని సందర్భాల్లో ఆడిట్ కూడా. గడువులోగా రిటర్ను వేస్తే వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. గడువు దాటితే ఆ హక్కు పోతుంది. రైతుకు నగదు ఇస్తే ఖర్చు ఒప్పుకోరన్న భయంతో కొందరు దాన్ని రాయడమే మానేశారు. అది పొరపాటు. రోజుకు పది వేలు దాటిన నగదు చెల్లింపును కొట్టేసే నిబంధన, పండించిన రైతుకే పంట సొమ్ము ఇచ్చినప్పుడు వర్తించదు. రైతు సంతకం మాత్రం ఉండాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు. పేర్లు, సెక్షన్ల నంబర్లు మారాయి. ఏడాది మార్చి 31నే ముగుస్తుంది. నా దగ్గర లెక్కలు నేర్చుకునే కుర్రాళ్ల చేత ప్రతి తోట పేజీలో రెండు గీతలు గీయిస్తున్నాను, మార్చి 31న ఒకటి, జూన్ 30న ఒకటి. మొదటి గీత దగ్గర తేలింది రిటర్నులోకి వెళ్తుంది. రెండో గీత దగ్గరి అంకె పట్టుకుని వ్యాపారి వచ్చే పూతకు రైతు దగ్గరికి బేరానికి వెళ్తాడు.