ఆప్రికాట్ టెంక

2010 మే నెలలో ఓస్లో నగరాన జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో ఆర్మేనియా పక్షాన ఎవా రివాస్ పాడిన గీతం ‘ఆప్రికాట్ స్టోన్’. మన హైదరాబాదు విందుల్లోని ఖుబానీయే ఆ పండు. మాతృభూమి నుండి వచ్చిన టెంక అనగానే 1915 మారణకాండతో చెల్లాచెదురైన జాతి నా మనసులో మెదిలింది. గాయని పుట్టినదీ రష్యాలోని రోస్తోవ్‌లోనే.

వేదికపై దుదుక్ ఊదినవారు 81 ఏళ్ల జివాన్ గాస్పర్యాన్. ఆ వాద్యాన్ని చేసేదీ ఆప్రికాట్ కొయ్యతోనే! మన సన్నాయిలాగే పీకతో ఊదేదైనా, దాని గొంతులో మంగళధ్వని లేదు, దిగులుంది.

పాట ఆంగ్లంలో ఉండడం మాత్రం నాకు వెలితే. 1999 నుండి ఏ భాషలోనైనా పాడవచ్చునట. ఆ సౌలభ్యమే స్వభాషలకు చేటు తెచ్చింది. దక్కినది ఏడవ స్థానం. గాస్పర్యాన్ 2021లో కన్నుమూశారు. మిత్రులారా, ఆ దుదుక్ కోసమైనా ఒకసారి వినండి.