కాలి పరీక్షల చరిత్ర: రక్తప్రసరణ, స్పర్శ

1. ఉపోద్ఘాతం

మధుమేహం ఉన్నవారి పాదాలను వైద్యులు పరీక్షించడం మీరు ఎప్పుడైనా చూశారా? పాదం పైభాగాన వేళ్లు ఆనించి ధమని కొట్టుకుంటోందో లేదో చూస్తారు. మోగుతున్న శృతిదండాన్ని బొటనవేలి ఎముక మీద ఉంచుతారు. సన్నని నైలాన్ పోగుతో అరికాలిని తాకి, తెలుస్తోందా అని అడుగుతారు. అవసరమైతే చీలమండ దగ్గర రక్తపోటు కొలుస్తారు. కొద్ది నిమిషాల్లో ముగిసే ఈ పరీక్షలు రూపుదిద్దుకోవడానికి ఒక శతాబ్దానికి పైగా పట్టింది.

సాధారణంగా నొప్పి ఉంటేనే మనం వైద్యుడి దగ్గరకు వెళతాం. నొప్పి లేకపోతే అంతా బాగానే ఉందనుకుంటాం. కాళ్ల విషయంలో ఈ నమ్మకం ఎంత ప్రమాదకరమో వైద్యశాస్త్రం మెల్లమెల్లగా గ్రహించింది. ఆ క్రమాన్ని ఈ పాఠంలో మీరు తెలుసుకుంటారు.

2. రెండు వేర్వేరు ప్రశ్నలు

వాడుక తెలుగులో 'నరం' అనే మాటను రక్తనాళానికీ వాడతాం, స్పర్శను మోసే నాడికీ వాడతాం. కాలి మీద నరాలు ఉబ్బాయన్నా, నరాల బలహీనత అన్నా మాట ఒకటే. వైద్యపరంగా మాత్రం ఇవి రెండు వేర్వేరు వ్యవస్థలు. కాలికి రక్తం చాలినంత అందుతోందా అన్నది మొదటి ప్రశ్న. కాలికి తగిలిన దెబ్బ మెదడుకు తెలుస్తోందా అన్నది రెండవ ప్రశ్న. ఈ పాఠంలో రక్తాన్ని కాలికి తెచ్చేదాన్ని ధమని అనీ, స్పర్శను మోసేదాన్ని నాడి అనీ అందాం. ఒక్కో ప్రశ్నకు జవాబు వెతికే పరీక్షలు ఒక్కో దారిలో వచ్చాయి.

3. రక్తప్రసరణ పరీక్షలు

మొదటి దారి పశువైద్యంతో మొదలవుతుంది. 1831లో ఫ్రాన్స్‌కు చెందిన పశువైద్యుడు బూలే ఒక గుర్రాన్ని గురించి రాశాడు. అది కొంత దూరం నడిచాక కుంటేది. కాసేపు ఆగితే మళ్లీ మామూలుగా నడిచేది. తొడలోని ధమని మూసుకుపోవడమే దీనికి కారణం. 1858లో షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు మనుషుల్లోనూ ఇదే లక్షణాన్ని వివరించాడు. నడిచేటప్పుడు పిక్క కండరాలకు ఎక్కువ రక్తం కావాలి. ఇరుకైన ధమని దాన్ని అందించలేదు. అందుకే నడకలో నొప్పి వచ్చి, విశ్రాంతితో తగ్గుతుంది.

20వ శతాబ్దం తొలి దశకాల్లో న్యూయార్క్ వైద్యుడు లియో బర్గర్ పేరుతో మరొక పరీక్ష వాడుకలోకి వచ్చింది. రోగిని పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి ఉంచుతారు. రక్తం సరిగా అందని పాదం పాలిపోతుంది. కాళ్లు కిందికి వేలాడదీస్తే కొద్దిసేపటికి ముదురు ఎరుపుకు తిరుగుతుంది. దీనికి పరికరం అక్కరలేదు. అయితే తీర్పు పూర్తిగా చూసేవారి కన్ను మీదే ఆధారపడుతుంది.

ఈ లోటును కొలత తీర్చింది. 1950లో ట్రావిస్ విన్సర్ చేతులలో, కాళ్లలో రక్తపోటును కొలిచి పోల్చాడు. 1969లో లండన్‌లో యావో, ఆయన సహచరులు డాప్లర్ పరికరంతో చీలమండ దగ్గరి రక్తపోటును కొలిచే పద్ధతిని ప్రచురించారు. చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. ఉదాహరణకు చేతిలో 120, చీలమండలో 84 ఉంటే నిష్పత్తి 0.7. ఇది 0.9 లేదా అంతకన్నా తక్కువైతే కాలి ధమనులు ఇరుకైనట్టు భావిస్తారు.

4. స్పర్శ పరీక్షలు

శృతిదండం 1711లో ఇంగ్లండులో సంగీతం కోసం పుట్టింది. 19వ శతాబ్దంలో అది వైద్యుల చేతికి వచ్చింది. 1903లో జర్మనీలో రైడెల్, సైఫర్ దానికి కొలబద్ద చేర్చి, రోగికి కంపనం ఎంతవరకు తెలుస్తోందో అంకెల్లో చెప్పగలిగే వీలు కల్పించారు.

1890లలో మాక్స్ ఫన్ ఫ్రై అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చర్మంపై స్పర్శను కొలవడానికి వేర్వేరు మందాల వెంట్రుకలను వాడాడు. వాటిలో గుర్రపు వెంట్రుకలూ ఉన్నాయి. దీని సూత్రం తేలికైనది. వెంట్రుకను చర్మానికి ఆనించి నొక్కితే ఒక దశలో అది వంగుతుంది. వంగిన తరువాత ఇంకా నొక్కినా చర్మంపై ఒత్తిడి దాదాపు పెరగదు. కాబట్టి ఎవరు పరీక్షించినా ఒత్తిడి ఇంచుమించు ఒకటే. కాని గాలిలోని తేమను బట్టి వెంట్రుక బిగువు మారుతుంది. 1960లో సెమ్స్, వైన్‌స్టైన్ తదితరులు మెదడుకు గాయాలైనవారి స్పర్శపై చేసిన అధ్యయనంలో వెంట్రుకలకు బదులు నైలాన్ పోగులు వాడారు.

5. కుష్ఠువ్యాధి నేర్పిన పాఠం

ఈ పోగు అరికాలి దగ్గరకు చేరడంలో మన పొరుగున ఉన్న వెల్లూరుకు సంబంధం ఉంది. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్, 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో శస్త్రవైద్యుడిగా చేరాడు. కుష్ఠురోగుల వేళ్లు, పాదాలు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో చాలామంది నమ్మేవారు. బ్రాండ్ పరిశీలనలో తేలింది వేరు. నాడులు దెబ్బతిని నొప్పి తెలియకపోవడం వల్ల రోగులు కాలిన గాయాన్నీ, గుచ్చుకున్న మేకునూ పట్టించుకోవడం లేదు. పుండు మీదే నడుస్తున్నారు. ఆ భాగాన్ని కాపాడితే గాయం మానుతోంది.

తరువాత బ్రాండ్ అమెరికాలోని కార్విల్ కుష్ఠువ్యాధి కేంద్రంలో పనిచేశాడు. మధుమేహ రోగుల పాదాల్లోనూ ఇదే ప్రమాదం ఉందని అక్కడి పని చూపింది. 1986లో అదే కేంద్రానికి చెందిన బర్క్, సిమ్స్ పాదాల్లో పుండ్లు ఉన్నవారిని వేర్వేరు మందాల పోగులతో పరీక్షించారు. 10 గ్రాముల ఒత్తిడినిచ్చే పోగు వారిలో ఎవరికీ తెలియలేదు. ఆ తరువాత ఈ పోగే మధుమేహ పాదాల పరీక్షకు ప్రపంచమంతటా ప్రమాణమైంది.

6. ముగింపు

రెండు రకాల పరీక్షలు ఎందుకు కలిపి చేయాలో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ధమని బాగున్నా నాడి దెబ్బతింటే గాయం తెలియదు. నాడి బాగున్నా రక్తం అందకపోతే గాయం మానదు. మధుమేహంలో రెండూ కలిసి రావచ్చు. అప్పుడు నడకలో రావలసిన పిక్క నొప్పి కూడా తెలియకపోవచ్చు. కొలతలకూ పరిమితి ఉంది. ధమని గోడలు సున్నం చేరి గట్టిపడితే రక్తపోటు పట్టీ వాటిని నొక్కలేదు. నిష్పత్తి 1.4 దాటుతుంది, లేదా వ్యాధి ఉన్నా మామూలుగా కనిపిస్తుంది. అందుకే ఒక్క అంకెను చూసి నిర్ణయానికి రారు.

మధుమేహం ఉన్నవారికి కాలిలో ఏ బాధా లేకపోయినా ఏడాదికి కనీసం ఒకసారి పాదాలు పరీక్షించాలని వైద్యులు చెప్పడానికి ఈ చరిత్రే ఆధారం. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలు 'నా కాళ్లకేం, నొప్పే లేదు' అంటే, ఆ మాటను పరీక్ష చేయించడానికి కారణంగా తీసుకోండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. వెంట్రుక వంగడం అనే లక్షణం స్పర్శను కొలవడానికి ఎలా ఉపయోగపడింది?
2. కుష్ఠురోగుల గాయాల గురించి పాల్ బ్రాండ్ పరిశీలన, మధుమేహ పాదాల పరీక్షకు ఎలా దారితీసింది?
3. చేతి రక్తపోటు 140, చీలమండ రక్తపోటు 98 అయితే నిష్పత్తి ఎంత? దాని నుంచి మీరేం గ్రహిస్తారు?