వెండికి చిక్కని అయోడిన్

రెండు జతల గ్లవ్స్ తొడుక్కోండి. మణికట్టు దగ్గర సందు లేకుండా టేపు చుట్టించుకోండి. ఛాతీ మీద డోసిమీటర్, ఆపైన రెయిన్‌కోటు. ఎండ కాస్తుంటే కోటెందుకు అనకండి. 2023 అక్టోబర్‌లో ఇక్కడే, పైపులు కడుగుతుండగా గొట్టం ఊడి, రేడియోధార్మిక ద్రవం కార్మికుల మీద చిందింది. కొందరి ఒంటిమీద ఈ కోటు లేదు.

ఇది జపాన్‌లోని ఫుకుషిమా దాయిచీ అణు విద్యుత్ కేంద్రం. పక్షులకు వదిలిన అడవిని నరికి నిలబెట్టిన ట్యాంకుల మధ్య నడుస్తున్నారు. 2011 ప్రమాదంలో కరిగిన అణు ఇంధనాన్ని చల్లార్చిన నీరు, కొండవైపు నుంచి ఊరి వచ్చే నీరు, వాన నీరు అన్నీ కలిసి వీటిలోకే చేరాయి.

తలుపు దాటగానే పంపుల హోరు. ‘ఆల్ప్స్’ అని పిలిచే శుద్ధి ప్లాంటు ఇది. ముందు ఇనుము, ఆ తర్వాత కార్బొనేట్ కలిపి మడ్డిని విడదీస్తారు. మిగిలిన నీరు వరసగా స్టీలు సిలిండర్ల గుండా పోతుంది. సీజియం, స్ట్రాన్షియం పట్టేవాటిని దాటేసి రండి. ఆగాల్సింది అయోడిన్ పట్టే సిలిండర్ దగ్గర.

ఇందులో ఉన్నది వెండి పట్టించిన యాక్టివేటెడ్ కార్బన్. ఇంటర్ ల్యాబులో అయోడైడ్ ద్రావణానికి సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి, పరీక్షనాళిక అడుగున పసుపు అవక్షేపం దిగడం చూసే ఉంటారు. ఇక్కడా అదే జరుగుతోంది, కాకపోతే నల్లటి బొగ్గు రంధ్రాల్లో, కంటికి కనబడకుండా. నీటిలోని అయోడైడ్ వెండికి తగలగానే కరగని లవణమై అక్కడే ఉండిపోతుంది.

తంటా అంతా అయొడేట్‌తో. మూడు ఆక్సిజన్ పరమాణువులను వెంటేసుకున్న అయోడిన్ అది. మన వంటింటి ఉప్పులో కలిపేదీ ఈ రూపమే. దానిమీద వెండి పట్టు అంత బలంగా ఉండదు. పైగా వాడేకొద్దీ బొగ్గు నిండిపోతుంది, సమయానికి మార్చకపోతే నీటితో పాటు అయోడిన్ కూడా దాటిపోతుంది.

2018లో బయటపడిన సంగతి చూడండి. శుద్ధి చేశాక మిగిలింది ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఒక్కటే అని చెబుతూ వచ్చిన ట్యాంకులు కొన్నింటిలో అయోడిన్-129, లీటరుకు 9 బెకరెల్ పరిమితిని దాటి ఉంది. జనానికి కోపం రావడంలో వింతేముంది? అలాంటి నీటిని మళ్లీ శుద్ధి చేయాల్సిందే. 2023 ఆగస్టు 24న సముద్రంలోకి వదలడం మొదలయ్యాక కూడా, ముందు పది ట్యాంకుల నీటిని కలియతిప్పి, నమూనా తీసి, లెక్క సరిపోయాకే వాల్వు తిప్పుతున్నారు.

ఇంతకీ నిండిపోయిన బొగ్గు ఏమవుతుంది? ప్రమాదం తొలి వారాల్లో భయపెట్టిన అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగమవుతూ ఎప్పుడో మాయమైంది. ఈ 129 సగం కావడానికి కోటీ 57 లక్షల ఏళ్లు పడుతుంది. అందుకే వాడిన బొగ్గును మందపాటి పాలిథిలీన్ కంటైనర్లలోకి దించి, మూత బిగించి, ఈ ఆవరణలోనే నిల్వ ఉంచుతున్నారు. ఖాళీ చేసిన సిలిండర్లోకి కొత్త బొగ్గు పోస్తారు.